ఆరుద్ర పురుగుకు కాళ్ళెన్ని? పల్లె బడిలో ఫోనుతో ప్రకృతి పాఠం: సమగ్ర మార్గదర్శి

జూన్ 12న బడులు తెరుస్తాం. పది రోజులు గడిచేసరికి ఆరుద్ర కార్తె వస్తుంది. ఒక గట్టి వాన కురిసి వెలిసిందంటే చాలు, ఎర్ర మఖమలు గుడ్డను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి చల్లినట్టు ఆరుద్ర పురుగులు నేలమీదికి వస్తాయి. పిల్లలు వాటిని అగ్గిపెట్టెల్లో పెట్టుకుని బడికి తెస్తారు. చాలా ఏళ్ళపాటు నేను చేసిన పని ఒకటే: "బయట వదిలేసి రండి" అని చెప్పి, పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిపించి, పురుగుల గురించి చదివించడం.

ఒక ఏడాది అగ్గిపెట్టెను తెరిపించాను. పురుగును తెల్ల కాగితం మీద నడవనిచ్చి, ఫోను కెమెరా ముందు భూతద్దం పట్టుకుని అర నిమిషం వీడియో తీశాను. దాన్ని టీవీలో పెడితే పురుగు పిల్లి అంత కనిపించింది. రెండో తరగతి పాప కాళ్ళు లెక్కపెట్టి ఎనిమిది అంది. నాలుగో తరగతి అబ్బాయి ఒప్పుకోలేదు. కీటకాలకు ఆరు కాళ్ళేనని వాడు చదువుకున్నాడు. వీడియో ఆపి మళ్ళీ లెక్కపెట్టాం. ఎనిమిదే. పేరులో పురుగు ఉన్నా అది కీటకం కాదు. సాలీడుకు, తేలుకు దగ్గరి చుట్టం. ఆ మాట నేను చివర్లో చెప్పాను. అప్పటికే పిల్లలు గోడమీది సాలీడు కాళ్ళు లెక్కపెట్టి వచ్చేశారు.

అయిదు తరగతులకు ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు, వచ్చీపోయే సిగ్నల్, ఒకే ఒక్క ఫోను. అలాంటి బడుల కోసమే ఈ మార్గదర్శి. పద్ధతి మొత్తానికి ఒకటే నియమం: కన్ను ముందు, పెన్సిలు తర్వాత, ఫోను చివర. ఈ వరుస తిరగబడితే పిల్లలు చెట్టును వదిలేసి స్క్రీను చుట్టూ మూగుతారు. మొదటిసారి నా తరగతిలో జరిగింది అదే.

అడుగు 1: ఉన్న సామాను చూసుకోండి

కొనాల్సినవి తక్కువే. మీ ఆండ్రాయిడ్ ఫోను, ఒక పవర్ బ్యాంక్, స్టేషనరీ దుకాణంలో దొరికే భూతద్దాలు రెండు, ఒక పెన్ డ్రైవ్ చాలు. సిమ్ లేని పాత ఫోను ఇంట్లో ఉంటే దాన్ని పిల్లల చేతికి ఇవ్వవచ్చు. మీ సొంత సందేశాలు, బ్యాంకు యాప్‌లు అందులో ఉండవు కాబట్టి మీకూ నిశ్చింత. బడిలో స్మార్ట్ టీవీ ఉంటే పెన్ డ్రైవ్ పెట్టి ఫొటోలు చూపించవచ్చు, నెట్‌తో పని లేదు. టీవీ లేకపోయినా పాఠం ఆగదు. నలుగురేసి పిల్లలు వంతులవారీగా ఫోనులో చూస్తారు, మిగిలినవాళ్ళు బొమ్మ గీస్తూ ఉంటారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని కూడా ఉంది. దాదాపు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, అయస్కాంతంతో ఫోను కెమెరాకు అతుక్కుంటుంది. దొరికితే మంచిదే. కానీ మొదటి ఏడాదికి భూతద్దం చాలని నా అభిప్రాయం. చెరువు నీటి చుక్కలో ఏముందో చూసే ముందు చెరువు గట్టున ఏముందో చూడాలి కదా.

అడుగు 2: ముందు రోజు రాత్రి చేసే పని

సిగ్నల్ ఉన్నచోటే, వీలైతే వైఫై మీద, రెండు యాప్‌లు దింపుకోండి. రెండూ ఉచితమే.

మొదటిది మెర్లిన్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర సంస్థ తయారుచేసింది. యాప్‌తో పాటు మన ప్రాంతపు పక్షుల ప్యాక్‌ను కూడా దింపాలి. అది వందల ఎంబీల్లో ఉంటుంది, అందుకే రాత్రి పూట పని. ఒకసారి దిగిందంటే ఫొటో చూసి, కూత విని పక్షిని గుర్తించే పని నెట్ లేకుండానే చేస్తుంది.

రెండోది సీక్. మొక్కలకు, పురుగులకు, సీతాకోకచిలుకలకు ఇది పనికొస్తుంది. ఖాతా తెరవనక్కరలేదు, పిల్లల వివరాలేవీ అడగదు. ప్రాథమిక బడికి దీన్ని ఎంచుకోవడానికి అదే పెద్ద కారణం. కెమెరాను ఆకు వైపు తిప్పితే తెర మీద ఏడు చుక్కలు ఒక్కొక్కటిగా నిండుతాయి. ఒకటి నిండితే జంతువో మొక్కో తేలినట్టు, ఏడూ నిండితే ఫలానా జాతి అని తేలినట్టు. నాలుగు దగ్గర ఆగిపోతే యాప్‌కు అంతకు మించి తెలియదన్నమాట. ఈ చుక్కల సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. తెలిసినంతే చెప్పి ఆగిపోవడం కూడా తెలివేనని వాళ్ళకు మరే పాఠంలోనూ ఇంత స్పష్టంగా కనబడదు.

ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకుని బయలుదేరండి. బ్యాటరీ మిగులుతుంది, పాఠం మధ్యలో మండల కార్యాలయం నుంచి ఫోనూ రాదు.

అడుగు 3: దారి ముందే నడిచి చూడండి

బడి చుట్టూ పది నిమిషాల నడక దూరం చాలు. పొలం గట్టు, చింతతోపు, గుడి దగ్గర రావిచెట్టు, కుంట. పిల్లల్ని తీసుకెళ్ళే ముందు రోజు మీరొక్కరే ఆ దారి నడవండి. మూత లేని బావి, వేలాడే కరెంటు తీగ, కందిరీగల తుట్టె ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి.

పాముల విషయంలో మాత్రం యాప్‌లను పక్కన పెట్టండి. అది కట్లపామో, దాన్ని పోలిన విషం లేని పామో ఫొటో తీసి తేల్చుకునే పని మనది కాదు. పాము కనబడితే అందరూ వెనక్కి రావాలి, అంతే. పిల్లలు ఆకుల గుట్టల్లో, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకూడదు. ఎవరినైనా కాటు వేస్తే నాటు మందులతో కాలం వృథా చేయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఇందుకోసమైనా సిగ్నల్ ఎక్కడ అందుతుందో ముందే తెలుసుకుని ఉండాలి.

మొక్కలకూ ఇలాంటి నియమం ఒకటుంది. యాప్ పేరు చెప్పింది కదా అని ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. ఉమ్మెత్త, గన్నేరు బడి ఆవరణలోనే ఉండవచ్చు. దూలగొండి, వయ్యారిభామ ఎలా ఉంటాయో మొదటి నడకలోనే చూపించి, తాకవద్దని చెప్పండి. గొంగళి పురుగును చూడటం వరకే.

అడుగు 4: నలభై నిమిషాల నడక

ఉదయం ప్రార్థన అయిన వెంటనే వెళ్ళండి. ఎండ ముదిరితే పక్షులూ కనబడవు, పిల్లలూ నిలవరు. నలుగురేసి పిల్లల్ని ఒక జట్టు చేయండి. ప్రతి జట్టులో అయిదో తరగతి వాళ్ళొకరు, ఒకటో తరగతి వాళ్ళొకరు ఉండాలి. చిన్నపిల్లల కళ్ళు నేలకు దగ్గరగా ఉంటాయి. చీమల బారును, ఆకు కింది గుడ్లను ముందుగా చూసేది వాళ్ళే.

మొదటి పది నిమిషాలు ఫోను మీ జేబులోనే ఉండాలి. ప్రతి జట్టూ ఒక జీవిని ఎంచుకుని అయిదు నిమిషాలు దాన్నే చూడాలి. పక్షి అయితే: పిచ్చుక కన్నా పెద్దదా, గోరింక అంత ఉందా, కాకి కన్నా పెద్దదా? తోక ఎలా ఉంది? నేలమీద నడుస్తోందా, గెంతుతోందా? ఏం తింటోంది? తర్వాత బొమ్మ గీయాలి. బాగా గీయమని అడగకండి. తోక చీలి ఉంటే చీలినట్టు, ముక్కు వంగి ఉంటే వంగినట్టు గీస్తే చాలు. గీయడానికి కూర్చున్నాకే పిల్లలకు తాము సరిగా చూడలేదని తెలుస్తుంది, మళ్ళీ లేచి చూస్తారు. ఆ రెండో చూపు కోసమే ఈ బొమ్మ.

అప్పుడు జట్టంతా కలిసి అదేమిటో ఊహించి రాయాలి. ఫోను బయటికి తీసేది ఆ తర్వాతే.

ఫొటో తీసేటప్పుడు మొక్కకు మూడు చిత్రాలు కావాలి: దూరం నుంచి మొత్తం, ఆకు ముందూ వెనకా, పువ్వు గాని కాయ గాని. ఒక్క ఆకు ఫొటోతో యాప్ చాలాసార్లు తడబడుతుంది. పక్కన పెన్సిలు పెట్టి తీస్తే కొలత కూడా తెలుస్తుంది.

అడుగు 5: ఫోను చెప్పే పేరు, ఊరు చెప్పే పేరు

ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి.

ఒకసారి గేదె వీపు మీద నల్లటి పిట్ట వాలి ఉంది. తోక చివర రెండుగా చీలి ఉంది. మెర్లిన్ బ్లాక్ డ్రోంగో అని చెప్పింది. పిల్లలు ఆ మాట పలకడానికి అవస్థ పడుతుంటే, సెలవుల్లో గేదెలు కాసే అబ్బాయి "టీచర్, అది పసుల పోలిగాడు" అన్నాడు. అది గేదె మీద ఎందుకు కూర్చుంటుందని అడిగాను. గేదె నడిస్తే గడ్డిలోంచి మిడతలు ఎగురుతాయని, వాటిని పట్టుకోవడానికని చెప్పాడు. గూడు దగ్గరికి వస్తే కాకిని కూడా తరిమి కొడుతుందన్నాడు. ఫోను చెప్పింది పేరు ఒక్కటే. మిగతాదంతా మూడో బెంచీలో నోరు విప్పని పిల్లవాడి దగ్గర ఉంది.

అందుకని మా నోటు పుస్తకంలో ప్రతి జీవికీ మూడు గడులు గీశాం: ఊరి పేరు, ఫోను చెప్పిన పేరు, మేము చూసింది. ఊరి పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రావడమే ఇంటిపని. ఒకే పిట్టకు ఒక చోట ఒక పేరు, మరోచోట ఇంకో పేరు ఉండవచ్చు. పసుల పోలిగాడినే ఏట్రింత అనేవాళ్ళు కూడా ఉన్నారు. రెండూ రాసుకోండి, ఏది సరైనదన్న తగాదా వద్దు.

యాప్‌లు పొరపడతాయి. అది దాచాల్సిన సంగతి కాదు, మంచి పాఠం. ఈ ఏట్రింత మహా గడుసుది, జాలె డేగ కూతను అనుకరించి ఇతర పిట్టల్ని హడలగొడుతుంది. దాని కూత విని యాప్ డేగ అని చూపిస్తే, కొమ్మ మీద ఉన్నదేమిటో తలెత్తి చూడమనండి. యాప్ మాట సరే, మనం గీసిన బొమ్మకు అది కుదురుతోందా? ముక్కు, తోక, పరిమాణం మూడూ కుదిరితేనే ఒప్పుకోవాలి. లేకపోతే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. ఏడాది చివరికి పుస్తకంలో ఒక్క ప్రశ్నార్థకమైనా లేకపోతే పిల్లలు ఫోనును గుడ్డిగా నమ్ముతున్నారేమోనని నాకు అనుమానం వస్తుంది.

అడుగు 6: చెవులకు పని

మెర్లిన్‌లో కూత రికార్డు చేసే వీలుంది. రెండు నిమిషాలు అందరూ కళ్ళు మూసుకుని కూర్చుని, వినబడిన ప్రతి కొత్త గొంతుకూ ఒక వేలు మడవాలి. అదే సమయంలో ఫోను కూడా వింటూ ఉంటుంది. తర్వాత పిల్లల లెక్కనూ ఫోను లెక్కనూ పోల్చి చూడండి. ఎండాకాలం ముందు కోయిల కూత అందరికీ తెలుస్తుంది. ఆ కుహూ కుహూ మగదానిదని, చుక్కల ఒంటితో గోధుమ రంగులో ఉండే ఆడకోయిల గొంతు వేరని చాలామందికి తెలియదు. రెండింటినీ వినిపించి చూడండి.

వినిపించేది తరగతి గదిలో మాత్రమే. చెట్టు కింద నిలబడి రికార్డు మోగిస్తే, మరో పక్షి తన చోటులోకి వచ్చిందనుకుని గూడు దగ్గరి పిట్టలు కలవరపడతాయి.

వానాకాలంలో కప్పల బెకబెకలు ఇంటి పని. అమ్మ ఫోనులోనో నాన్న ఫోనులోనో ముప్పై సెకన్లు రికార్డు చేస్తే చాలు. తొలి వానలకు పొలాల్లో పసుపుపచ్చగా మెరిసే పెద్ద కప్పలను చూసి కొన్ని ఊళ్ళలో భయపడతారు. అవి రోజూ చూసే గోదురు కప్పలే. జతకట్టే కాలంలో మగవాటి ఒంటికి పసుపు రంగు, గొంతు సంచులకు నీలం రంగు వస్తాయి. కొద్ది రోజులకు మళ్ళీ మామూలు రంగు. ఈ సంగతి ఇంట్లో చెప్పి రమ్మనండి.

అడుగు 7: ఒకే వేపచెట్టు, ఏడాది పొడుగునా

ఈ మార్గదర్శిలో ఒక్క పనికే మీకు ఓపిక ఉంటే ఇదే చేయండి.

బడి దగ్గర ఒక చెట్టును ఎంచుకోండి. నేనైతే వేపనే ఎంచుకుంటాను. చెట్టు మొత్తం కనబడే చోట నేలలో ఒక రాయి పాతించండి. ప్రతి సోమవారం ఆ రాయి మీదే నిలబడి, అదే వేళకు, ఫోనును అడ్డంగా పట్టుకుని ఒక ఫొటో తీయాలి. తీసేది పిల్లలే, వంతులవారీగా. తర్వాత చెట్టు కింద నిలబడి లేత ఆకులు, ముదురు ఆకులు, పండుటాకులు, మొగ్గలు, పూలు, పచ్చికాయలు, పండ్లు ఎంతెంత ఉన్నాయో చూడాలి. జవాబులు మూడే: లేవు, కొన్ని, చాలా. గోడమీది చార్టులో కొన్నింటికి ఒక బొట్టుబిళ్ళ, చాలాకు రెండు. ఒకటో తరగతి పిల్లలు కూడా అతికించగలరు. నాలుగు నెలలు గడిచేసరికి అది బొట్టుబిళ్ళల గ్రాఫు అవుతుంది.

ఈ లెక్క బడి గోడకే పరిమితం కానక్కరలేదు. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం సరిగ్గా ఈ పద్ధతిలోనే వారం వారం చెట్ల వివరాలు సేకరిస్తోంది. బడులు తమ చెట్టును నమోదు చేసుకోవచ్చు.

ఫొటోలన్నిటినీ ఒక్కొక్కటి ఒక సెకను చొప్పున కలిపితే నిమిషం లోపు వీడియో అవుతుంది. ఆకు రాలడం, రాగి రంగు చిగురు, ఉగాదికి పూత కళ్ళముందు జరిగిపోతాయి. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతుంటే ఊళ్ళన్నీ కంగారుపడ్డాయి. ఎప్పుడు మొదలైంది, ఏ వైపు నుంచి ఎండింది, ఎప్పుడు మళ్ళీ చిగిర్చింది అంటే చెప్పగలిగినవాళ్ళు తక్కువ. వారానికో ఫొటో ఉన్న బడి దగ్గర ఆ లెక్క ఉండేది.

ఒక చిక్కుంది. వేపకాయలు ముదిరే వారాలు కొన్ని వేసవి సెలవుల్లో పడతాయి. బడి పక్కనే ఇల్లున్న పిల్లల్ని ముందే చూసుకుని, ఆ వారాల ఫొటోలు ఇంటి ఫోనుతో తీసే పని వాళ్ళకు అప్పగించండి.

చార్టు అడుగున ఒక వరుస కార్తెలకు వదిలిపెట్టండి. తాతలనో అవ్వలనో బడికి పిలిచి రోహిణి, మృగశిర, ఆరుద్ర గురించి అడిగి, వాళ్ళు చెప్పే సామెతల్ని ఫోనులో రికార్డు చేయండి. 'రోహిణిలో రోళ్ళు పగులుతాయి' అన్న వారం మీ చార్టులో ఎండ ఎలా ఉంది? ఆరుద్ర పురుగు నిజంగా ఆరుద్రలోనే కనబడిందా, ముందే వచ్చిందా? జవాబు ఏదైనా సరే, తేదీ వేసి రాయండి.

అడుగు 8: ఊరిని పైనుంచి చూడటం

ముందు పిల్లలు అడుగులతో కొలిచి చెరువు పటం నేలమీద సుద్దతో గీయాలి. తర్వాతే గూగుల్ ఎర్త్‌లో మన చెరువు. సిగ్నల్ లేకపోతే స్క్రీన్‌షాట్లు తీసి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. అందులోని టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి నేల ఎలా మారిందో చూడవచ్చు. చిన్న కుంటలు స్పష్టంగా కనబడవు గాని, పెద్ద చెరువులు, కొల్లేరు లాంటి సరస్సులు బాగా తెలుస్తాయి.

పెద్ద తరగతుల వాళ్ళకు ఇంకో పని ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వస్తాయి. ఊరివాళ్ళు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. వార్తల్లో మాత్రం వాటిని 'సైబీరియా పక్షులు' అని రాస్తూనే ఉంటారు. పక్షి కనబడిన చోటల్లా పటంలో గడికి రంగు వేసి చూపే ఈ-బర్డ్ వెబ్‌సైటులో ఆ రెండు పక్షుల పటాలు తెరిచి, సైబీరియాలో ఒక్క గడి అయినా రంగు మారిందేమో వెతకమనండి. రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. అచ్చులో వచ్చిన మాటను పటంతో పరీక్షించవచ్చని అయిదో తరగతిలోనే తెలిస్తే ఎంత బాగుంటుంది!

అడుగు 9: బయటికి పంపే ముందు

ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పక్షుల లెక్క జరుగుతుంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు. మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఒక చోట కనీసం 15 నిమిషాలు నిలబడి, కనబడిన పక్షులన్నిటినీ లెక్కపెట్టి ఈ-బర్డ్‌లో పెట్టాలి. మీ బడి ఆవరణ చాలు. కాకులు, గోరింకలు కూడా లెక్కే, అరుదైనవి దొరకలేదని దిగులు పడనక్కరలేదు.

ఖాతా ఎప్పుడూ మీ పేరు మీదే ఉండాలి, పిల్లల పేర్లతో వద్దు. పంపే ఫొటోల్లో పిల్లల ముఖాలు ఉండకూడదు. మొక్కల, జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పెడితే చోటును మసకబరిచే ఎంపిక ఉంది. దాన్ని ఎంచుకుంటే కచ్చితమైన స్థలం బదులు దాదాపు ఇరవై కిలోమీటర్ల గడి మాత్రమే బయటికి కనిపిస్తుంది. గూడు, గుడ్లు ఉన్న ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. గూడు ఎక్కడుందో తెలిస్తే అక్కడికి ఎవరు వెళతారో మనం చెప్పలేం.

చివరగా ఒక చిన్న పని. ఫొటోలు, రికార్డులు అన్నీ నెలకోసారి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక్కో నెలకు ఒక్కో ఫోల్డరు చేసి, నోటు పుస్తకంతో పాటు బడి బీరువాలో పెట్టండి. మీ ఫోనులోనే ఉంచుకుంటే బదిలీ అయిన రోజున వేపచెట్టు లెక్క కూడా మీతో పాటే వెళ్ళిపోతుంది. తర్వాత వచ్చే టీచరుకు బీరువా తాళంతో పాటు ఆ రాయి ఎక్కడ పాతారో చూపించండి.